పుట్టింటి నీళ్ళు తాగిన కారు

ఆ రోజు శూళగిరి దాటాక, దారిపక్కన చెయ్యెత్తిన వాళ్ళను చూసి కారు ఆపాను. అద్దం దించాను. వాళ్ళు చెప్పిందంతా విన్నాను. విని, కుదరదని చెప్పి, అద్దం ఎత్తుకుని వెళ్ళిపోయాను. అసలు ఆపకుండా పోయినవాడికి చూడలేదని చెప్పుకునే వీలైనా ఉంటుంది. నా తప్పుకు ఆ చాటు కూడా లేదు.

హోసూరు నుంచి కావేరిపట్టణానికి నలభై మైళ్ళ దారి. ఇంతమాత్రానికి యాత్ర అని పేరు పెట్టి రాయడం ఏమిటని నవ్వేవాళ్ళు ఉంటారు. కాశీకి పోయి వచ్చినవాళ్ళు కూడా నాలాగా మారి రాలేదు గనుక రాస్తున్నాను.

హోసూరు

హోసూరు బజారులో మాది తాళ్ళ అంగడి. కొబ్బరితాళ్ళు, నారతాళ్ళు, గోనె సంచులు. మా తాత కాలం నుంచి అదే పని. అలాంటివాడికి కారు ఎందుకని మీరు అడిగితే, అప్పట్లో ఊరంతా అడిగింది. బెంగుళూరు దండులో, అంటే కంటోన్మెంటులో, ఒక దొరసాని దేశం విడిచిపోతూ అమ్మిన కారు అది. యుద్ధం రోజుల్లో పెట్రోలు రేషను కదా, ఆ ఏండ్లన్నీ అది షెడ్డులో ఇటుకల మీద కూర్చుని గడిపింది. ఏండ్లు చూస్తే పెద్దది, తిరిగింది చూస్తే పసిది. మీటరులో అంకె చూసి నేను మురిసిపోయాను.

దాన్ని ఊళ్ళోకి తెచ్చిన సాయంత్రం నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు ఉంది. అప్పుడు హోసూరులో ఎండాకాలం సాయంత్రాలు కూడా భుజాన దుప్పటి లేకుండా బయటికి వచ్చేవాళ్ళం కాదు. బస్టాండు దగ్గర జట్కా గుర్రాలు హారను విని బెదిరిపోతే, జట్కావాళ్ళు తిట్టడం మాని కారును చూడడానికి వచ్చారు. నేను వాళ్ళకు చూపించింది ఇంజను కాదు, మీటరు. ఆ తర్వాత కూడా అంగడికి తాడు కొనడానికి వచ్చినవాణ్ణి దొడ్లోకి తీసుకుపోయి గుడ్డ ఎత్తి మీటరు చూపించి పంపేవాణ్ణి.

ఆ అంకె పెరగకుండా ఉండడానికి నేను చెప్పిన అబద్ధాలు ఇప్పుడు తలచుకుంటే సిగ్గుగా ఉంది. ఎదురింటి వాళ్ళు పెండ్లికొడుకు ఊరేగింపుకు అడిగితే బ్యాటరీ దిగిపోయిందన్నాను. మా అంగడి గుమాస్తా తన తల్లిని ఆస్పత్రికి తీసుకుపోవడానికి అడిగితే టైరులో గాలి లేదన్నాను. అతను పంపు తెస్తానన్నాడు. పంపుకు కూడా ఏదో చెప్పాను. సీట్లకు తెల్లగుడ్డ తొడుగులు కుట్టించాను. ఎక్కేవాళ్ళు, అది మా ఇంటివాళ్ళే అయినా, చెప్పులు విప్పి చేత పట్టుకోవాలి. మా ఆవిడ సరోజమ్మ దానికి పూజగది అని పేరు పెట్టింది.

అలా కొన్నేళ్ళు గడిచాక బెంగుళూరులో మెకానిక్కు చూసి, రబ్బరు సామాన్లు ఎండిపోతున్నాయనీ, ఇంగ్లండు నుంచి వచ్చే విడిభాగాలు ఇక దొరకవనీ చెప్పాడు. ఉంచుకుందామా, తక్కువ తిరిగిన కారన్న పేరు ఉన్నప్పుడే అమ్మేద్దామా అని ఒక ఏడాది ఊగిసలాడాను. ఈలోగా కావేరిపట్టణంలో మామిడితోటలున్న నాయుడుగారొకరు కొంటానని కబురు పంపారు. వైశాఖంలో ఒక ఉదయం బయల్దేరాం. కృష్ణగిరిలో కొత్తగా కట్టిన డ్యాము చూడవచ్చని సరోజమ్మ కూడా వచ్చింది.

"ఉంచుకుంటే ఉంచుకోండి, అమ్మేస్తే అమ్మేయండి" అన్నది, చెప్పులు విప్పి ఎక్కుతూ. "ఇట్లా గుడ్డ కప్పి కూసోబెట్టేది మాత్రం ఇంక వద్దు."

శూళగిరి

త్రిశూలంలాగా మూడు మొనలున్న కొండ కింద కాఫీ హోటలు. ఇడ్లీ మెత్తగా ఉంది. సాంబారులో మా వైపు మాదిరి బెల్లం పడలేదు. పదిహేను మైళ్ళు దిగితే నాలుక మారిపోతుంది, మాట కూడా. ఒకే బల్ల మీద ఒకాయన అరవంలో మొదలుపెట్టి, కన్నడంలో తిట్టి, తెలుగులో ముగించాడు.

కొత్త పైసలు వచ్చిన కాలం అది. కాఫీ రెండణాలన్నాడు హోటలాయన. నేను పన్నెండు కొత్త పైసలు ఇచ్చాను. పదమూడు అన్నాడు. రెండణాలకు లెక్కగా పన్నెండున్నర.

"ఆ అర పైసా ఎవురిదప్పా?" అన్నాను.

"నీదీ కాదు, నాదీ కాదు. సర్కారుది" అన్నాడు పక్కనున్న పెద్దాయన. "సర్కారును పిలిపించు, వచ్చి తీసుకోనీ."

నవ్వుకుంటూ పదమూడు ఇచ్చేశాను. ఆ మంచి మనసు రెండు మైళ్ళు కూడా నిలవలేదు.

ఎత్తుదారి

ఊరు దాటాక ఒక ఎత్తులో ఎద్దులబండి నిలిచి ఉంది. ఎడమ ఎద్దు ముందుకాలు నేల మీద ఆనించడం లేదు. బండితోలే మనిషి తలగుడ్డ సర్దుకుంటూ చెయ్యెత్తాడు. బండిలో ఒక ముసలామె, కొత్తచీర కట్టుకున్న ఒక అమ్మాయి. అమ్మాయి ఒడిలో పసుపుదారం చుట్టిన చిన్న ఇత్తడి బిందె. దాని మూతికి మామిడాకులు.

"సామీ, ఎద్దు గిట్టలో రాయి దిగినాది" అన్నాడతను. పేరు హనుమప్ప అని తర్వాత తెలిసింది. "ఈ పిల్ల మా అక్క కూతురు. బేరిగై నుంచి కురుబరపల్లికి కాపురానికి పోతా ఉండాది. దీన్నీ మా అవ్వనూ ఆడ దింపేసి పో అప్పా. నేను ఎద్దును నడిపించుకొని ఎనకాల వస్తాను."

"ఆ బిందెలో ఏముంది?" అన్నాను.

"పుట్టింటి బాయినీళ్ళు."

వాళ్ళ ఇండ్లల్లో ఒక పద్ధతి ఉందట. కాపురానికి పోయే పిల్ల పుట్టింటి బావి నీళ్ళు తీసుకుపోయి, అత్తగారింట్లో తాను పెట్టే మొదటి ఎసట్లో పోయాలి. దీపాలు పెట్టేలోగా ఆ ఎసరు పొయ్యి మీదికి ఎక్కాలి. దారిలో బిందెను నేల మీద దింపకూడదు.

నేను వెనకసీటు వైపు చూశాను. తెల్లగుడ్డ, ముందురోజే ఉతికించింది.

"నీళ్ళు ఒలికితే సీటు పాడైపోతుంది. బిందె బండిలో పెట్టి మనుషులు రండి" అన్నాను.

"బిందె కోసమే గదప్పా బిరీన పోవల్లనేది" అన్నాడు హనుమప్ప, నాకే అర్థం కాలేదేమోనన్నట్టు మెల్లగా.

నాకు అర్థమైంది. అయినా కుదరదన్నాను. కారు కదిలాక అద్దంలో చూస్తే ఆ అమ్మాయి బిందెను ఇంకాస్త దగ్గరికి హత్తుకుంటోంది. సరోజమ్మ అటు తిరిగి కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. తిట్టినా బాగుండేది.

మైలురాయి దగ్గర

ఇంకో రెండు మైళ్ళు పోయామో లేదో, ముందునుంచి ఆవిరి బుస్సుమని లేచింది. దిగి బానెట్టు ఎత్తి చూస్తే, రేడియేటరు నుంచి ఇంజనులోకి నీళ్ళు పోయే రబ్బరుగొట్టం పొడుగునా పగిలి ఉంది. ఎక్కువ తిరిగి అరిగిపోయింది కాదు. కదలకుండా కూర్చుని కూర్చుని ఎండి, పెంకులాగా అయిపోయింది. ఇన్నేళ్ళూ నేను కాపాడుకుంటూ వచ్చింది దీన్ని.

పాతగుడ్డ చుట్టి బిగించి కట్టుకుంటే పక్క ఊరిదాకా పోవచ్చని తోచింది. తాడు కోసం కారంతా వెతికాను. లేదు.

"మూడు తరాల తాళ్ళ అంగడి" అన్నది సరోజమ్మ, మైలురాయి మీద కూర్చుంటూ.

ఒక బస్సు వచ్చింది. చెయ్యెత్తాను. నిలపకుండా పోయింది. నేను తిట్టబోయి నోరు మూసుకున్నాను. పక్కన దిగుడుబావి ఉంటే పోయి చూశాను. అడుగున రాళ్ళు, ఒక తొండ. ఎండ నడినెత్తికి వచ్చింది. చాలాసేపటికి మెల్లగా, ఒక గంట మోగి ఒక గంట ఆగినట్టు, ఎద్దుల మెడగంటలు వినిపించాయి.

నాకు ఎక్కడైనా దాక్కోవాలనిపించింది.

"అరే, బిరీన పోయిన బండి ఈడనే ఉండాదే" అన్నది బండిలోని ముసలామె, నంజవ్వ. "మాకోసం నిలిపి పెట్టినావా నాయనా?"

"ఊరికే ఉండు అవ్వా" అంటూ హనుమప్ప ఎద్దులను నిలిపి వచ్చాడు. గొట్టం చూశాడు. అడగకుండానే తలగుడ్డ కొస చింపి ఇచ్చాడు. బండి కింద వేలాడుతున్న నారతాడు విప్పి ఇచ్చాడు. ఇద్దరం కలిసి చుట్టి బిగించాం. తాడు పేనిన తీరు చూస్తే నాకు తెలిసిన తాడే.

"యాడ కొన్నావప్పా ఇది?" అన్నాను.

"హోసూరు బజారులో. తాడు మంచిదే. ధర మాత్రం మెడకు బిగిస్తాడు ఆ అంగడాయన."

సరోజమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అటు తిరిగింది. ఆ అంగడాయన నేనేనని చెప్పేశాను. హనుమప్ప నాలుక కరుచుకున్నాడు. నంజవ్వ మాత్రం, "అయితే ఈ తాడుకు నువ్వే బాకీ" అన్నది.

కట్టు నిలిచింది. ఇక కారిపోయిన నీళ్ళ సంగతి మిగిలింది. ఎద్దులకని తెచ్చుకున్న నీళ్ళు అవే తాగేశాయి. బావి సంగతి చెప్పాను. అందరం ఎటెటో చూస్తున్నాం, ఆ బిందె వైపు తప్ప.

అప్పుడు ఆ అమ్మాయి, మునిరత్న ఆమె పేరు, బిందెను ఒడిలోనుంచి ఎత్తి బండి దిగింది. మామిడాకులు తీసి చెవి వెనక పెట్టుకుంది. "ఇంజను చల్లబడిందా అప్పా?" అని అడిగింది. నేను వద్దు వద్దంటూనే ఉన్నాను. ఆమె పోసింది, చుక్క ఒలకకుండా, బిందె అంతా.

"అయ్యో, వట్టి బిందెతో అత్తగారింటికి ఎట్లా పోతావే?" అన్నది నంజవ్వ.

"పోకూడదు గదవ్వా" అన్నది మునిరత్న, నేల చూస్తూ. "ఇంటికి పోయి మళ్ళీ తేవల్ల. అమ్మను ఇంకోసారి చూసినట్టు ఉంటాది."

నంజవ్వ ఆమె ముఖంలోకి కాసేపు చూసింది. "ఓసి దొంగదానా" అన్నది. "అందుకా పోసినావు?"

అందరూ ఫక్కున నవ్వారు, ఆ నవ్వులో హనుమప్ప ఎద్దు కూడా కాలు మరిచిపోయినట్టు నాలుగు అడుగులు వేసింది. నేను అందరికన్నా ఆలస్యంగా నవ్వాను. నవ్వి, వెనక తలుపు తీశాను. బేరిగైకి తీసుకుపోయి దీపాలవేళకు కురుబరపల్లిలో దింపుతానన్నాను. హనుమప్ప నన్ను ఒక క్షణం చూసి, మాట నమ్మాడో లేక వేరే దారి లేకనో, సరేనన్నాడు. కుంటి ఎద్దును మెల్లగా నడిపించుకుంటూ అతను కురుబరపల్లి వైపు సాగాడు.

నంజవ్వ కాళ్ళకు చెప్పులు లేవు. మోకాళ్ళదాకా ఎర్రమట్టి. సీటు మీద కూర్చుని అటూ ఇటూ అరచేత్తో తట్టింది.

"పరుపు మాదిరి ఉండాదే. దీంట్లో ఎవురూ కూసోరా నాయనా?"

"కూసోరవ్వా" అన్నది సరోజమ్మ.

బేరిగై

శూళగిరిలో రేడియేటరు నిండా నీళ్ళు పోయించుకుని బేరిగై దారి పట్టాం. మునిరత్న తల్లి వాకిట్లో చేటతో ఉలవలు చెరుగుతోంది. కారు ఆగడం, కూతురు దిగడం చూసి చేట అక్కడే పడేసి లేచింది.

"ఏమే, ఏమయింది? ఎందుకొచ్చినావు?"

"నీళ్ళకు వచ్చినానమ్మా."

ఆమెకు విషయం తెలియడానికి కొంత సమయం పట్టింది. తెలిశాక కూతురి భుజం మీద ఒకటి కొట్టింది. కొట్టిన చెయ్యి అక్కడే ఉండిపోయింది. పొద్దున పిల్ల బండెక్కేటప్పుడు ఆమె బయటికి రాలేదట. చూడలేక గొడ్లపాకలో కూర్చుండిపోయిందని నంజవ్వ మాకు చెప్పింది.

తినకుండా పోనివ్వలేదు. రాగిసంగటి, ఉలవచారు, పక్కన పచ్చిమామిడి ముక్కలు. మా ఇంట్లో సంగటి మానేసి చాలా కాలమైంది. అంగడి పెరిగాక, అది కూలివాళ్ళ తిండి అన్నట్టు అయిపోయింది మాకు. మా నాయనమ్మ వేడి సంగటిలో వేలితో గుంట చేసి నెయ్యి పోసేది. ఇక్కడ ఈమె గుంట చేసి ఉలవచారు పోసింది. తలొంచుకుని తిన్నాను. రెండో ముద్ద అడిగి వేయించుకున్నాను.

బయల్దేరేటప్పుడు తల్లి తానే బావికి పోయి నీళ్ళు తోడి తెచ్చింది. ఈసారి లోపలికి పోలేదు. కారుదాకా వచ్చి, కూతురు కూర్చున్నాక బిందెను ఆమె ఒడిలో తానే పెట్టింది. పసుపుదారం సరిచేసింది. సరిగ్గా ఉన్నదాన్నే మళ్ళీ సరిచేసింది. నేను ఇంజను ఆపి ఉంచాను.

కురుబరపల్లి

దారిలో ఒక గుంటలో చక్రం దిగి, బిందెలో నీళ్ళు తొణికి సీటు మీద పడ్డాయి. మునిరత్న కొంగుతో గబగబా తుడవబోయింది.

"ఉండనీ అమ్మా, అదే ఆరుతుంది" అన్నాను. నా నోటినుంచి ఆ మాట రావడం విని సరోజమ్మ నా వైపు తిరిగి చూసింది.

పొద్దు కొండమీద ఉండగానే చేరాం. మేం ఆగుతుంటే హనుమప్ప ఎద్దు కూడా ఊరిమొదట్లో కనబడింది. అత్తగారు హారతి పళ్ళెంతో వచ్చి, కోడలికన్నా ముందు కారును చూసింది. పెండ్లికొడుకు సిగ్గుపడి పెండ్లికూతురి వైపు చూడలేక, కారు దీపాన్ని వేలితో తడిమి చూస్తూ నిలబడ్డాడు. ఆలస్యం ఎందుకైందో నంజవ్వ చెప్పింది. నేను మొదట కాదన్న సంగతి చెప్పకుండా దాటేసింది. అందుకని నేనే చెప్పాను. అత్తగారు విని, "సరేలే అప్పా, వచ్చినావు గదా" అన్నది. వాళ్ళింట్లో దీపం వెలిగేసరికి పొయ్యి మీద ఎసరు కాగుతోంది. ఆ అన్నంలో పాలూ బెల్లమూ కలిపి మా ఇద్దరికీ కూడా పెట్టారు.

కృష్ణగిరి

రెండోరోజు ఉదయం సత్రంలో లేచేసరికి ఎదురుగా కోటకొండ, ఎండకు రాయి అప్పుడే వేడెక్కుతోంది. హోసూరు చలికి అలవాటైన ఒంటికి ఇది వేరే దేశం. బజారంతా మామిడి వాసన. ఇక్కడ వందకు ఇంత అని బేరమాడాక, లెక్క అయిపోయిన తర్వాత అమ్మేవాడు అడగకుండానే మరో నాలుగు కాయలు గంపలో వేస్తాడు. మా అంగడిలో మూర తాడు కొలిచి, వేలెడు ఎక్కువ వస్తే కత్తిరించే చెయ్యి నాది.

డ్యాము దగ్గర సరోజమ్మ చాలాసేపు నీళ్ళను చూస్తూ నిలబడింది. అక్కడే పొయ్యి పెట్టి, అప్పుడే పట్టిన చేపలు కారం పూసి వేయిస్తున్నారు. ఆకులో వేడివేడిగా ఇస్తే నిలబడే తిన్నాం. తిన్న చేతులు తుడుచుకోవడానికి సరోజమ్మ ఒక తెల్లగుడ్డ ఇచ్చింది. చూస్తే సీటు తొడుగు. ఎప్పుడు విప్పిందో నాకు తెలియదు.

కావేరిపట్టణం

నాయుడుగారు పెద్దమనిషి. ఏటిగట్టున తోట, తోటలో పెంకుటిల్లు. మేం పోగానే చెక్కల్లాంటి నిప్పట్లు, మజ్జిగ తెప్పించారు. కరకరలాడే ఆ నిప్పట్లకోసమే ఆ ఊరికి ఇంకోసారి పోవచ్చు. తర్వాత కారు చుట్టూ తిరిగారు. మీటరు దగ్గర వంగారు.

"నువ్వు చెప్పి పంపినదానికన్నా ఎక్కువ చూపిస్తా ఉంది."

"నిన్న కొంచెం తిరగాల్సి వచ్చింది" అన్నాను.

"సీటు మీద ఈ మరక?"

"నీళ్ళండి."

"గొట్టానికి ఈ తలగుడ్డ ఏందప్పా?" అని నవ్వారు. "పోనీలే. నా దగ్గరికి వచ్చినాక దీనికి ఏ కష్టమూ ఉండదు. షెడ్డు కట్టించి పెట్టినాను చూడు. గుడ్డ కప్పి పెడతా. ఎవుర్నీ ఎక్కనియ్యను. వచ్చినవాళ్ళకు చూపించేదానికి ఉంటాది."

షెడ్డు బాగుంది. గచ్చు నేల, కొత్త తలుపులు. చక్రాలకింద పెట్టడానికి ఇటుకలు కూడా సిద్ధంగా పేర్చి ఉన్నాయి. ఆయన మాట్లాడుతుంటే నా గొంతు నాకు వినపడింది. ఇన్నేళ్ళూ జట్కావాళ్ళూ గుమాస్తా ఎదురింటివాళ్ళూ విన్న గొంతు అదే.

"నేను అమ్మనండి" అన్నాను. "మీకు శ్రమ ఇచ్చాను. మన్నించండి."

ఆయన ముఖం మాడ్చుకున్నారు. అందులో తప్పులేదు. మాట ఇచ్చి తప్పింది నేను. ధర పెంచితే ఇస్తావా అని అడిగారు. ధర కాదన్నాను. వెనక్కి తిరిగేసరికి సరోజమ్మ అప్పటికే కారులో కూర్చుని ఉంది, చెప్పులతోనే.

మళ్ళీ అదే దారి

తిరిగి వచ్చాక మొదట గుమాస్తా ఇంటికి పోయాను. ఆ రోజు టైరులో గాలి ఉందని చెప్పాను. "నాకు తెలుసండి" అన్నాడు. అతని తల్లిని ఆ వారం కారులోనే డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. బెంగుళూరులో లారీ గొట్టాలు కొలతకు కోయించి, పాతవన్నీ మార్పించాను. హనుమప్పకు చిరిగినదానికి బదులు కొత్త తలగుడ్డ, ఒక చుట్ట తాడు పంపాను. శూళగిరి కాఫీ హోటలులో, ఆ దారిన కాపురానికి పోయే పిల్లలెవరైనా ఉంటే కబురు చెయ్యమని చెప్పి వచ్చాను. హోటలాయన మొదట నమ్మలేదు. ఆ ఏడాదిలో కొన్ని కబుర్లు వచ్చాయి, అన్నిటికీ పోయాను.

ఆషాఢంలో కొత్తకోడళ్ళు పుట్టిండ్లకు పోతారు కదా. ఎవరూ అడగకుండానే కురుబరపల్లికి పోయాను. మునిరత్న ఆ ఇత్తడి బిందెనే చేత పట్టుకుని ఎక్కింది.

"ఈసారి వట్టి బిందెప్పా. నీ బండికి దాహమైతే నన్నడగొద్దు" అన్నది.

వెనకాల పెట్టిన నీళ్ళడబ్బా, తాడు చూపించాను. బాగా నవ్వింది.

శూళగిరి ఇంకా రెండు మైళ్ళు కూడా లేదనగా, ఆ రోజు నేను కాదని పోయిన ఎత్తులోనే, తలమీద పెరుగుకుండలతో ఇద్దరు ఆడవాళ్ళు నడుస్తున్నారు. వాళ్ళు చెయ్యెత్తలేదు. నేనే ఆపాను. ఒకామె కారును ముందునుంచి వెనకదాకా చూసింది. మా కారు సంగతి ఆ దారిలో అందరికీ తెలిసినట్టుంది.

"చెప్పులు యాడ విడవల్లప్పా?" అని అడిగింది.

"కాళ్ళకే ఉండనీ అమ్మా" అన్నాను. మునిరత్న బిందెను ఒళ్ళోకి తీసుకుని, వాళ్ళకు చోటిస్తూ పక్కకు జరిగింది.